మెయిల్ చదివి కూడా ఫోన్ చేసి "ఇంతకీ మీకేం కావాలి?" అంటున్నారు. ఇంగ్లిష్‌లో ఆఫీసు ఉత్తరాలు రాయడం ఎలా నేర్చుకోవాలి?

ట్యాంక్‌ఫ్యాబ్_జీడిమెట్ల:

అందరికీ నమస్కారం. జీడిమెట్లలో స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యాంకులు తయారుచేసే చిన్న యూనిట్‌లో ఆఫీసు పని చూస్తాను. కస్టమర్లు ఎక్కువగా ఫార్మా కంపెనీలు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, ఫోన్లో మాట్లాడగలను. రాయడం దగ్గరే ఇబ్బంది.

రోజూ రాయాల్సినవి నాలుగు రకాలు: బాకీ అడిగే మెయిళ్లు, కొటేషన్లు, కంప్లైంట్లకు జవాబులు, మీటింగ్ మినిట్స్. గ్రామర్ దిద్దే యాప్ వాడుతున్నాను. ఎర్రగీతలు పోతున్నాయి గానీ అవతలివాళ్లు మెయిల్ చదివాక కూడా ఫోన్ చేసి మళ్లీ మొదటి నుంచి అడుగుతున్నారు. కొన్నిటికి అసలు జవాబే రాదు. ఒక నమూనా పెడుతున్నాను. ఇంగ్లిష్‌ని తెలుగు లిపిలోనే రాస్తున్నా, ఈ చర్చలో అందరం అలాగే రాస్తే చదవడానికి వీలుగా ఉంటుంది.

సబ్జెక్ట్: రిగార్డింగ్ పేమెంట్

"రెస్పెక్టెడ్ సర్, విత్ రిఫరెన్స్ టు ద అబవ్ సబ్జెక్ట్, వుయ్ హావ్ సప్లైడ్ ద ట్యాంక్ యాజ్ పర్ యువర్ పీఓ అండ్ ద సేమ్ వాజ్ రిసీవ్డ్ బై యువర్ స్టోర్స్ ఇన్ గుడ్ కండిషన్ అండ్ ఇన్‌వాయిస్ ఆల్సో సబ్మిటెడ్ బట్ టిల్ డేట్ పేమెంట్ ఈజ్ నాట్ రిసీవ్డ్. వుయ్ ఆర్ ఫేసింగ్ లాట్ ఆఫ్ డిఫికల్టీ. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్ బ్యాక్ ఎట్ ద ఎర్లియెస్ట్."

ఇందులో తప్పెక్కడుంది? గ్రామర్ పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలెట్టాలా? ఏఐతో రాయించుకుంటే సరిపోతుందా?

---

పత్రలేఖ:

మీ మెయిల్లో గ్రామర్ తప్పులు రెండో మూడో ఉన్నాయండి. అవన్నీ దిద్దినా మీకు ఫోన్ వస్తూనే ఉంటుంది. అసలు చిక్కు వరుసలో ఉంది.

మీ మెయిల్‌ని తెలుగులో చదివి చూడండి: "మీ ఆర్డరు ప్రకారం ట్యాంకు పంపాం, మీ స్టోర్స్‌వాళ్లు తీసుకున్నారు, బిల్లు కూడా ఇచ్చాం, ఇంతవరకు డబ్బు రాలేదు, చాలా ఇబ్బందిగా ఉంది, కాబట్టి దయచేసి పంపించండి." తెలుగులో ఇది చక్కగా ఉంది. మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది, కారణాలన్నీ దానికి ముందే వరుసగా నిలబడతాయి. వినేవాళ్లు చివరి మాట దాకా ఆగుతారు. అడగాల్సింది మొదటే అడిగేస్తే మనకు మొరటుగా కూడా అనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో క్రియ కర్త వెనకే వచ్చేస్తుంది. ఆ భాషలో ఆఫీసు కాగితాలు చదివేవాళ్లు మొదటి వాక్యంలోనే "నేను చేయాల్సిన పని ఏమిటి" అని వెతుక్కుంటారు. అది అక్కడ కనబడకపోతే "తర్వాత చూద్దాం" అని పక్కన పెడతారు. పైగా మీ మెయిల్ చూసేది అకౌంట్స్‌లో రోజుకి పదుల కొద్దీ బిల్లులు చూసే మనిషి. ఇన్‌బాక్స్‌లో ఆయనకు కనిపించేది సబ్జెక్టు, మొదటి వాక్యంలో నాలుగు ముక్కలు. మీ మెయిల్లో ఆ రెండు చోట్లా బిల్లు నంబరూ లేదు, మొత్తమూ లేదు, తేదీ కూడా లేదు. అందుకే ఫోన్ చేస్తున్నారు.

అదే మెయిల్ ఇలా రాసి చూడండి. అంకెలు ఉదాహరణకు వేశాను:

సబ్జెక్ట్: పేమెంట్ ఓవర్‌డ్యూ, ఇన్‌వాయిస్ 214, రూ.4,86,000, డ్యూ 13 జూన్ 2025

"ప్లీజ్ పే ఇన్‌వాయిస్ 214, రూ.4,86,000, బై వెన్స్‌డే, 25 జూన్ 2025.

యువర్ స్టోర్స్ రిసీవ్డ్ ద ట్యాంక్ ఆన్ 14 మే. అవర్ క్రెడిట్ పీరియడ్ ఈజ్ 30 డేస్, సో ద పేమెంట్ వాజ్ డ్యూ ఆన్ 13 జూన్.

ద ఇన్‌వాయిస్, యువర్ పీఓ అండ్ ద స్టాంప్డ్ డెలివరీ చలాన్ ఆర్ అటాచ్డ్.

ఇఫ్ ఎనీథింగ్ ఈజ్ హోల్డింగ్ ద పేమెంట్, ప్లీజ్ టెల్ మీ బై టుమారో సో దట్ ఐ కెన్ ఫిక్స్ ఇట్."

ఆ చివరి వాక్యాన్ని తీసేయకండి. బిల్లు ఆగిందంటే ప్రతిసారీ డబ్బు లేక కాదు. స్టోర్స్‌వాళ్లు జీఆర్ఎన్ (సరుకు అందిందన్న నమోదు) వేసి ఉండరు, మెటీరియల్ టెస్ట్ సర్టిఫికెట్ రాలేదని క్వాలిటీవాళ్లు పక్కన పెట్టి ఉంటారు, లేదా మీ జీఎస్టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్ను) ఆలస్యమై వాళ్ల జీఎస్టీఆర్-2బీలో (కొనుగోళ్ల జీఎస్టీ పట్టికలో) బిల్లు కనబడదు. ఇవి మీవైపు నుంచి ఒక్క రోజులో సరిచేయగలిగినవి. అడిగితేనే బయటపడతాయి. "మాకు చాలా ఇబ్బందిగా ఉంది" అన్న వాక్యాన్ని మాత్రం తీసేశాను. దాన్ని చదివి అకౌంట్స్ మనిషి చేయగలిగిన పని ఏదీ లేదు.

బాకీ మెయిళ్లకు మూడు మెట్లు పెట్టుకోండి. మొదటిది గడువుకు మూడు రోజుల ముందు రెండు వాక్యాలు: బిల్లు నంబరు, మొత్తం, తేదీ, "కాగితాలన్నీ అందాయా?" అన్న ప్రశ్న. రెండోది గడువు దాటిన వారానికి, పైన రాసినట్టు. మూడోది అకౌంట్స్ హెడ్‌కి, పర్చేజ్‌వాళ్లకు కాపీ పెట్టి.

ఆ మూడోదానిలో మీ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర చేసుకున్న నమోదు) నంబరు వేయండి. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం 15వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని తేదీకి, అదీ సరుకు అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటకుండా, సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు చెల్లించాలి. ఒప్పందం లేకపోతే లెక్క 15 రోజులే. దాటితే 16వ సెక్షన్ కింద ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడింతల చొప్పున, నెలనెలా అసలులో కలిసే చక్రవడ్డీ. పై ఉదాహరణలో 30 రోజుల గడువు పీఓలో రాసి ఉండి, సరుకు అందిన 14 మే నాడే అంగీకరించారనుకుంటే చట్టం ప్రకారం కూడా చివరి తేదీ 13 జూన్. ఈ విషయాన్ని "వుయ్ విల్ టేక్ లీగల్ యాక్షన్" అని రాయకండి. "సెక్షన్ 15 ఆఫ్ ద ఎంఎస్ఎంఈడీ యాక్ట్ సెట్స్ ద లాస్ట్ డేట్ ఎట్ 13 జూన్ 2025" అని ఒక్క వాక్యం చాలు. వాళ్ల ఆడిటర్‌కి మిగతాది తెలుసు: సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు గడువు దాటితే ఆ ఖర్చును నిజంగా చెల్లించిన ఏడాది పన్ను లెక్కలోనే తగ్గించుకోగలరన్న నిబంధన 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఉంది.

గ్రామర్ పుస్తకం సంగతి. మొదటి పేజీ నుంచి వద్దు. ముందు వరుస మార్చండి, తర్వాత మీరు తరచూ తప్పుచేసే నాలుగైదు చోట్ల మాత్రమే గ్రామర్ చూసుకోండి.

---

ఎక్స్‌పోర్ట్‌డాక్స్_గుంటూరు:

పత్రలేఖ గారు చెప్పిన వరుసతో పూర్తిగా ఏకీభవిస్తాను. నేను మాటల గురించి చెబుతాను. తెలుగు మనసులో నడుస్తూ చేతిలో ఇంగ్లిష్ వస్తున్నప్పుడు తప్పులు ఎక్కడపడితే అక్కడ జరగవు, ఖాయంగా కొన్ని చోట్లే జరుగుతాయి.

"లోపు", "దాకా" రెండూ వేరని తెలుగులో ఎవరూ పొరబడరు. ఇంగ్లిష్‌కి వచ్చేసరికి "25 లోపు డ్రాయింగ్ పంపండి" అన్నది "సెండ్ ద డ్రాయింగ్ టిల్ 25 జూన్" అయిపోతుంది. "లోపు"కు "బై", "దాకా"కు "అంటిల్". "వితిన్" తర్వాత తేదీ రాదు, రోజుల లెక్కే వస్తుంది: "వితిన్ సెవెన్ డేస్". కొటేషన్లో ఇది తప్పితే గడువే మారిపోతుంది.

"మా దగ్గర మూడు మెషీన్లు ఉన్నాయి" అనగానే "వుయ్ ఆర్ హావింగ్" వచ్చేస్తుంది. సొంతమై ఉన్నదానికి "వుయ్ హావ్" చాలు. "2019 నుంచి సరఫరా చేస్తున్నాం" అన్నది "వుయ్ ఆర్ సప్లయింగ్ ఫ్రమ్ 2019" కాదు, "వుయ్ హావ్ సప్లైడ్ దిస్ సిన్స్ 2019". "నిన్ననే పంపాం"లోని ఆ "నే"ని "యెస్టర్‌డే ఓన్లీ" అని మోసుకెళ్లొద్దు. ఇంగ్లిష్‌లో దానికి చోటు లేదు, "యెస్టర్‌డే" అని ఊరుకోవాలి.

ఏ, ద అన్నవి తెలుగులో లేవు కాబట్టి వదిలేయాలనిపిస్తుంది. చాలాచోట్ల నష్టం లేదు గానీ కంప్లైంట్ జవాబులో ఉంది. "వుయ్ విల్ రీప్లేస్ ఏ వాల్వ్" అంటే ఏదో ఒక వాల్వు. "వుయ్ విల్ రీప్లేస్ ద వాల్వ్" అంటే మనమిద్దరం మాట్లాడుకుంటున్న ఆ వాల్వు. అన్నిటికంటే మేలు "వాల్వ్ వీ-3" అని ట్యాగ్ నంబరే రాయడం.

మనలో మనకు చెల్లి, బయటివాళ్లకు చెల్లని మాటలు వేరే ఉన్నాయి. "రివర్ట్" అంటే విదేశీ కొనుగోలుదారుకు పాత స్థితికి వెళ్లడం, "జవాబివ్వండి" కాదు. "ఐ హావ్ ఏ డౌట్ అబౌట్ యువర్ రిపోర్ట్" అంటే మీ రిపోర్టు మీద అనుమానం ఉందని. మీరు అనాల్సింది "ఐ హావ్ ఏ క్వశ్చన్". "డూ ద నీడ్‌ఫుల్" అంటే ఏది అవసరమో వాళ్లనే ఊహించుకోమనడం, ఆ పని పేరే రాయండి. "ప్రీపోన్" తెలియదు కదా అని "మూవ్ ఫార్వర్డ్" అంటే ముందుకో వెనక్కో వాళ్లకే తేడా రావచ్చు, కొత్త తేదీ రాసేయండి.

అంకెల దగ్గర అజాగ్రత్త నేరుగా డబ్బు మీదికి వస్తుంది. 12,50,000 అని మన కామాలతో రాస్తే అమెరికాలో అది అచ్చుతప్పులా కనిపిస్తుంది. బయటికి వెళ్లే కాగితంలో 1,250,000. లక్ష, కోటి మాటలు వద్దు. 03/04/2025 మనకు ఏప్రిల్ 3, వాళ్లకు మార్చి 4. నెలను అక్షరాల్లో రాస్తే గొడవే లేదు. సమయానికి "ఐఎస్‌టీ" చేర్చండి. ధర పక్కన డెలివరీ షరతు పూర్తిగా ఉండాలి: షరతు పేరు, స్థలం, ఏ సంవత్సరపు నియమాలు. "ఎఫ్ఓబీ" (సరుకు ఓడ ఎక్కేదాకా ఖర్చు అమ్మేవాళ్లది) అని వదిలేస్తే ఏ రేవు దాకా ఖర్చు మీదో తెలియదు. "ఎఫ్ఓబీ చెన్నై, ఇన్‌కోటెర్మ్స్ 2020" అనాలి, ఇన్‌కోటెర్మ్స్ అంటే ఈ డెలివరీ షరతుల అంతర్జాతీయ నియమాలు. కంటైనర్లో వెళ్లే సరుకైతే ఎఫ్ఓబీ కన్నా ఎఫ్‌సీఏ (సరుకును రవాణాదారుకు అప్పగించడంతో అమ్మేవాళ్ల బాధ్యత తీరే షరతు) సరైనది, ఎందుకంటే కంటైనర్‌ని ఓడ ఎక్కడానికి చాలా ముందే టెర్మినల్‌లో అప్పగించేస్తాం.

ఒక్కచోట మాత్రం మంచి ఇంగ్లిష్ రాయకండి. ఎల్‌సీ (కాగితాలు సరిగా ఉంటే డబ్బు చెల్లిస్తామన్న బ్యాంకు హామీ పత్రం) మీద వెళ్లే సరుకు కాగితాల్లో. బ్యాంకులు పాటించే యూసీపీ 600 నియమాల ప్రకారం కమర్షియల్ ఇన్‌వాయిస్‌లో సరుకు వర్ణన ఎల్‌సీలో ఉన్నదానికి సరిపోలాలి. ఎల్‌సీలో "డ్రై రెడ్ చిల్లీస్ వితౌట్ స్టెమ్" అని ఉంటే మీరు దాన్ని "స్టెమ్‌లెస్ డ్రైడ్ రెడ్ చిల్లీస్" అని అందంగా మార్చకూడదు. అక్షరం అక్షరం అలాగే దించండి. కాగితాలు సరిచూడటానికి బ్యాంకుకు గరిష్ఠంగా ఐదు పనిదినాలుంటాయి. తేడా పట్టుకుంటే డబ్బు ఆగుతుంది, పైగా డిస్క్రిపెన్సీ (తేడా ఉన్నందుకు) ఫీజు.

---

వెల్డ్‌క్యూఏ:

కంప్లైంట్ జవాబుల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి అది రాస్తాను. ఫార్మా కస్టమర్‌కి రాస్తున్నారు కనుక ఇదే మీకు అన్నిటికంటే బరువైన కాగితం. మీ జవాబు వాళ్ల క్వాలిటీ ఫైల్లో చేరుతుంది, ఆడిట్‌కి వచ్చినవాళ్లు దాన్ని తీసి చదువుతారు.

ట్యాంకు కింది నాజిల్ వెల్డు దగ్గర కారుతోందని కంప్లైంట్ వచ్చిందనుకోండి. సాధారణంగా రాసేది: "వుయ్ రిగ్రెట్ ద ఇన్‌కన్వీనియెన్స్. ఇట్ ఈజ్ డ్యూ టు హ్యూమన్ ఎర్రర్. ఆపరేటర్ హాజ్ బీన్ వార్న్‌డ్. ఇట్ విల్ నాట్ బీ రిపీటెడ్." నాలుగు వాక్యాలూ తిరిగొస్తాయి. మనిషి పొరపాటు అనేది కారణం కాదు, ఆ పొరపాటు తనిఖీల్లో దొరక్కుండా ఎలా బయటికి వెళ్లిందన్నది కారణం. "మళ్లీ జరగదు" అనేదాన్ని ఎవరూ సరిచూడలేరు.

జవాబు ఈ క్రమంలో రాయండి. మొదటి పేరా: ఇప్పుడు ఏం చేస్తున్నారు, ఏ రోజు. "అవర్ వెల్డర్ అండ్ ఇన్‌స్పెక్టర్ విల్ రిపేర్ నాజిల్ ఎన్-4 ఎట్ యువర్ సైట్ ఆన్ 3 జులై." వాళ్ల బ్యాచ్ ఆగిపోయి ఉంటుంది, మొదట కావాల్సింది అదే. రెండో పేరా: చూసింది చూసినట్టు. ఎక్కడ, ఎంత, ఏ పరీక్షలో తేలింది: "డై పెనెట్రంట్ టెస్ట్ షోడ్ వన్ పిన్‌హోల్ ఇన్ ద వెల్డ్ ఆఫ్ ఎన్-4." ఇక్కడ అభిప్రాయాలు వద్దు. మూడో పేరా: కారణం, రెండు భాగాలుగా. లోపం ఎలా పుట్టింది, పుట్టినది ఎందుకు దొరకలేదు. ఉదాహరణకు లోపలివైపు ఆర్గాన్ పర్జ్ (గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు నింపడం) సరిగా లేకపోతే వెల్డు వెనకవైపు ఆక్సీకరణ జరిగి గరుకుగా, గుల్లగా తయారవుతుంది. అది మొదటి భాగం. నాజిల్ లోపలివైపు చూడమని తనిఖీ షీట్‌లో లైనే లేదు, ఇది రెండో భాగం. నాలుగో పేరా: ఏం మార్చారు, ఏ డాక్యుమెంట్ నంబరు కింద, ఏ తేదీ నుంచి, దాని ఆధారం ఎక్కడ. అదే వెల్డరు, అదే వారంలో చేసిన మిగతా ట్యాంకుల సంగతి కూడా ఇక్కడే రాయాలి. మీరు రాయకపోతే వాళ్ల తర్వాతి ప్రశ్న ఖాయంగా అదే.

చివర్న ఒక్క వాక్యం క్షమాపణ, అంతే. మొదట్లో పెడితే అసలు విషయం కిందికి జారిపోతుంది.

కర్త లేని వాక్యాలను తగ్గించండి. "ఇట్ వాజ్ అబ్జర్వ్‌డ్ దట్", "నెసెసరీ యాక్షన్ హాజ్ బీన్ టేకెన్" లాంటివి. ఎవరు చూశారు, ఎవరు చేశారు? పరీక్ష ఫలితాల్లో కర్త అక్కర్లేకపోవచ్చు, చర్యల్లో మాత్రం తప్పక ఉండాలి. వాక్యం పొడవుకు ఒక కొలత చెబుతాను. విమానాల మెయింటెనెన్స్ పుస్తకాల కోసం తయారైన సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లిష్ ప్రమాణంలో, పని చెప్పే వాక్యానికి 20 మాటలు, వివరించే వాక్యానికి 25 మాటలు గరిష్ఠం. ఇంగ్లిష్ మాతృభాష కాని మెకానిక్‌లు కూడా తప్పుగా చదవకుండా పెట్టిన హద్దులివి. మీ ట్యాంకుతో పంపే క్లీనింగ్ సూచనలకు కూడా ఇదే వాడండి, ఒక వాక్యంలో ఒకే పని ఉండాలి.

మినిట్స్‌కి పెద్ద శిక్షణ అక్కర్లేదు. నాలుగు గడుల పట్టిక: నిర్ణయం, చేయాల్సిన పని, ఎవరు, ఎప్పటికి. "డిస్కస్డ్ అబౌట్ డెలివరీ" అన్న వాక్యం ఉండకూడదు. "డిస్కస్" పక్కన "అబౌట్" రాదు, అంతకంటే ముఖ్యంగా, చర్చించారని తెలిస్తే ఎవరికీ ఉపయోగం లేదు, ఏం తేల్చారో కావాలి. "ఎవరు" గడిలో డిపార్ట్‌మెంట్ కాదు, ఒక మనిషి పేరు. మర్నాడు సాయంత్రం లోపు పంపండి, "కరెక్షన్స్ బై ఫ్రైడే" అని గడువు పెట్టండి.

---

ఆర్‌సీ_నంబర్:

పైవన్నీ కంపెనీలకు బాగున్నాయి. సర్కారు ఆఫీసుకు రాసేటప్పుడు ఇదే పద్ధతి పెడితే దెబ్బతింటారు, అందుకని నా మాట కలుపుతున్నాను.

ప్రభుత్వ ఆఫీసులో మీ ఉత్తరం మొదట చదివేది నిర్ణయం తీసుకునే అధికారి కాదు, తపాలు సెక్షన్. వాళ్లకు కావాల్సింది దీన్ని ఏ ఫైల్లో, ఏ సీటుకు పంపాలన్నది. కాబట్టి "సర్" తర్వాత "సబ్:" అని ఒక వాక్యంలో విషయం, దాని కింద "రిఫ్:" అని మీ పాత దరఖాస్తు, వాళ్ల ఆర్‌సీ (ఫైలు) నంబరు లేదా మెమో నంబరు, తేదీలతో వరుసగా ఉండాలి. ఆ నంబరు లేకపోతే మీ ఉత్తరం కొత్త కాగితంగా మళ్లీ మొదటి నుంచి బయల్దేరుతుంది. "విత్ రిఫరెన్స్ టు" అన్న మొదలు అక్కడ పాతబడిన అలంకారం కాదు, దారి చూపే గుర్తు.

ఆ తర్వాత మాత్రం పత్రలేఖ గారి సూత్రమే: మొదటి పేరాలో ఏం కోరుతున్నారో ఒక్క వాక్యం. "వుయ్ రిక్వెస్ట్ ఎన్‌హాన్స్‌మెంట్ ఆఫ్ కాంట్రాక్టెడ్ లోడ్ ఫ్రమ్ 70 కేవీఏ టు 100 కేవీఏ." తర్వాత పేరాలకు 1, 2, 3 అంకెలు వేయండి. ఫైల్లో నోట్ రాసే గుమస్తాకి "పేరా 2 చూడగలరు" అని రాసుకోవడం సులువవుతుంది. చివర జతపరిచినవాటి జాబితా, ఒక్కోదానికి ఎన్ని పేజీలో సహా. రెండు కాపీలు పట్టుకెళ్లి రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

---

ట్యాంక్‌ఫ్యాబ్_జీడిమెట్ల:

అందరికీ చాలా కృతజ్ఞతలండి. బాకీ మెయిల్, కంప్లైంట్ జవాబు ఇప్పుడు స్పష్టంగా ఉన్నాయి. కొటేషన్ కవర్ మెయిల్ ఒకటి కొత్త పద్ధతిలో రాశాను, చూసి దిద్దండి.

"ప్లీజ్ ఫైండ్ అవర్ కొటేషన్ ఫర్ వన్ 2,000 లీటర్ ఎస్ఎస్ 316ఎల్ ట్యాంక్. ప్రైస్ ఈజ్ రూ.5,40,000 ప్లస్ జీఎస్టీ. డెలివరీ ఈజ్ 4 టు 5 వీక్స్. ఆల్ స్టాండర్డ్ ఫిట్టింగ్స్ ఆర్ ఇన్‌క్లూడెడ్. వుయ్ విల్ ట్రై టు గివ్ ద బెస్ట్ సర్వీస్."

ఏఐ ప్రశ్నకు కూడా ఎవరైనా జవాబిస్తే మేలు.

---

పత్రలేఖ:

వరుస బాగా కుదిరింది. ఇప్పుడు ప్రతి వాక్యానికీ "ఇది చదివి ఇద్దరు వేర్వేరుగా అర్థం చేసుకోగలరా?" అని అడగండి.

"4 టు 5 వీక్స్" ఎప్పటి నుంచి? ఆర్డరు తేదీ నుంచా, అడ్వాన్స్ అందినప్పటి నుంచా, డ్రాయింగ్ ఆమోదం నుంచా? డ్రాయింగ్ వాళ్ల దగ్గర మూడు వారాలు కూర్చుంటే ఆలస్యం మీ ఖాతాలో పడుతుంది. "డెలివరీ: 5 వీక్స్ ఫ్రమ్ ద డేట్ యూ అప్రూవ్ ద డ్రాయింగ్ అండ్ వుయ్ రిసీవ్ ద అడ్వాన్స్, విచెవర్ ఈజ్ లేటర్" అని రాయండి. రెండు అంకెలు వద్దు, వాళ్లు చిన్నదాన్నే గుర్తుపెట్టుకుంటారు.

"ఆల్ స్టాండర్డ్ ఫిట్టింగ్స్" అన్న మాట దగ్గర రేపు గొడవ వస్తుంది. మ్యాన్‌హోల్, స్ప్రే బాల్, లెవెల్ సెన్సర్, వాల్వులు ఒక్కొక్కటీ సంఖ్యతో రాయండి. దాని కిందే "నాట్ ఇన్‌క్లూడెడ్" అని ఇంకో జాబితా: అన్‌లోడింగ్, క్రేన్, సివిల్ పని, సైట్‌లో పైపింగ్. కొటేషన్లో ఈ రెండో జాబితాకు మొదటిదానికంటే ఎక్కువ సమయం పెట్టండి. లోపలి ఫినిష్‌ని "మిర్రర్ పాలిష్" అనకుండా ఆర్‌ఏ (ఉపరితలం గరుకుదనం) విలువ మైక్రాన్లలో ఇవ్వండి, కొలిచి చూపించగలిగేది అదే.

ధర ఎన్నాళ్లు నిలుస్తుందో లేదు. స్టీలు రేటు కదులుతుంటుంది కాబట్టి "వ్యాలిడ్ అంటిల్ 15 జులై 2025" అని తేదీయే పెట్టండి. "15 డేస్" అంటే ఎప్పటి నుంచన్న ప్రశ్న మళ్లీ వస్తుంది. రవాణా, చెల్లింపు వాయిదాలు, వారంటీ కూడా లేవు.

"విల్ ట్రై టు" తీసేయండి. షల్, మస్ట్, షుడ్, మే అన్న మాటలకు బరువులు వేరు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఇంజనీర్లు 1997లోనే ఆర్‌ఎఫ్‌సీ 2119 అన్న పత్రంలో వీటికి అర్థాలు కట్టేశారు: మస్ట్, షల్ అంటే తప్పనిసరి, షుడ్ అంటే తగిన కారణముంటే తప్ప చేయాల్సిందే, మే అంటే ఐచ్ఛికం. మీ కస్టమర్ స్పెసిఫికేషన్ చదివేటప్పుడు కూడా "షల్" ఉన్న ప్రతి వాక్యం కింద గీత గీసి, ఒక్కోదానికి కొటేషన్లో జవాబుందా అని సరిచూడండి.

కవర్ మెయిల్లో ఇవన్నీ కుక్కకండి. మెయిల్లో ధర, డెలివరీ, వ్యాలిడిటీ, వాళ్లు చేయాల్సిన పని, మొత్తం నాలుగు వాక్యాలు. మిగతాది జతచేసిన కొటేషన్లో. 1940 ఆగస్టులో, యుద్ధం నడుస్తుండగా, చర్చిల్ తన మంత్రులకు, అధికారులకు "బ్రెవిటీ" పేరుతో పంపిన మెమోలో కోరింది ఇదే: ముఖ్యాంశాలు చిన్న పేరాల్లో పెట్టి, వివరమైన విశ్లేషణ అనుబంధంలో పెట్టమన్నాడు.

---

ఎక్స్‌పోర్ట్‌డాక్స్_గుంటూరు:

ఏఐ సంగతి నేను చెబుతాను. వాడండి, కానీ "బాకీ మెయిల్ రాయి" అని మొదలెట్టకండి. అలా అడిగితే పొందికైన ఇంగ్లిష్‌లో మీ పాత వరుసే వస్తుంది: పలకరింపు, మీ ఆరోగ్యం బాగుందని తలుస్తాం, రెండు పేరాల మర్యాద, ఆఖర్న బాకీ. ముందు మీరే తెలుగులో ఐదు లైన్లు రాసుకోండి: ఎవరికి, ఏం చేయాలి, ఎప్పటికి, ఆధారం ఏమిటి, చేయకపోతే ఏమవుతుంది. వాటిని ఇచ్చి "ఇదే వరుసలో, 80 మాటలు దాటకుండా, కొత్త విషయం చేర్చకుండా" అని అడగండి. వచ్చినదానిలో అంకెలు, తేదీలు, పేర్లు ఒక్కొక్కటీ అసలు బిల్లుతో సరిచూడండి. మీరు ఇవ్వని హామీ కూడా అప్పుడప్పుడు దూరిపోతుంది, "విత్ ఇమీడియట్ రీప్లేస్‌మెంట్" లాంటివి. కస్టమర్ డ్రాయింగులు, ధరలు అందులో అతికించే ముందు మీరు సంతకం చేసిన గోప్యత ఒప్పందం చూసుకోండి.

సాధనకు రోజుకి 20 నిమిషాలు చాలు. సెంట్ ఫోల్డర్లో పాత మెయిల్ ఒకటి తీయండి. అందులో అడిగిన వాక్యం ఎక్కడుందో గీత గీయండి, ఎక్కువసార్లు చివరి పేరాలో దొరుకుతుంది. దాన్ని పైకి తెచ్చి, తేదీ చేర్చి, మిగతా మాటల్ని సగానికి తగ్గించండి. తర్వాత పైకి చదవండి, ఊపిరి ఆగినచోట వాక్యాన్ని రెండుగా విరగ్గొట్టండి. కస్టమర్ల నుంచి వచ్చే మంచి మెయిళ్లలోని వాక్యాలు ఒక ఫైల్లో దాచుకోండి, పని వారీగా: గడువు అడగడం, ధర తగ్గించలేమనడం, కాగితం అందలేదనడం. ధర తగ్గించలేమని చెప్పే వాక్యం చాలామందికి కష్టం, అది మొదట సంపాదించండి.

---

ట్యాంక్‌ఫ్యాబ్_జీడిమెట్ల:

దానికి ఒక నమూనా ఇవ్వగలరా అండి? ఈ వారం అదే పడింది, ఎనిమిది శాతం తగ్గించమంటున్నారు.

---

పత్రలేఖ:

"వుయ్ కెనాట్ రెడ్యూస్ ద ప్రైస్ ఫర్ ద ప్రెజెంట్ స్కోప్. ఇఫ్ యూ బై ద వాల్వ్స్ యువర్‌సెల్ఫ్, ద ప్రైస్ విల్ బీ రూ.4,98,000. ప్లీజ్ టెల్ మీ బై 4 జులై విచ్ ఆప్షన్ యూ వాంట్."

ఈ అంకె ఉదాహరణే, వాల్వుల విలువ రూ.42,000 అనుకుని వేశాను. "అన్‌ఫార్చునేట్లీ", "యాజ్ యూ నో స్టీల్ రేట్స్" అంటూ మొదలెట్టకండి, ఇచ్చిన ప్రతి కారణం మీద ఇంకో బేరం మొదలవుతుంది. పనిలో కొంత తగ్గితేనే ధర తగ్గుతుందన్నది ఈ మూడు వాక్యాల్లోనే ఉంది. రెండో వాక్యం రాసే ముందు ఆ వాల్వులు మీరు కొనే అసలు ధర ఎంతో స్టోర్స్‌లో కనుక్కోండి.